నెలకు ఆరు డాలర్ల మన్నింపు

ఉత్తరం మూడోసారి చదివాక ఆర్డిస్ టాలెఫ్‌సన్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. చదవడంలో పొరపాటేమీ లేదు. ఫిబ్రవరి పంతొమ్మిదిన జరిగిన కారు ప్రమాదానికి ప్రధాన బాధ్యత మీదేనని నిర్ధారించాం అని ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్ళు రాశారు. కింద ఇంకో వాక్యం ఉంది. మీ పాలసీలో ప్రమాద మన్నింపు ఉన్నందువల్ల, ఇది మీ మొదటి ప్రమాదం కాబట్టి, మీ ప్రీమియం పెరగదు.

మొదటి వాక్యానికి ఒళ్ళు మండింది. రెండోది అసలు అర్థం కాలేదు.

ఎదురుగా వెర్లిన్ రొట్టెముక్కకి వెన్న రాసుకుంటున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా అదే కుర్చీ, అదే రొట్టె.

"ఈ మన్నింపు ఏంటి, వెర్లిన్?"

"అదా. మనకి ఉందిలే."

"ఎప్పట్నుంచి ఉంది?"

"కొన్నాళ్ళయింది."

"మన పెళ్ళయి కూడా కొన్నాళ్ళే అయింది. సరిగ్గా చెప్పు."

"తొమ్మిదేళ్ళు అయ్యుంటుంది. ఎంతో కాదు, నెలకి ఆరు డాలర్లు."

"ఆరా అరవయ్యా అని నేనడగలేదు. ఎవరి కోసం తీసుకున్నావ్?"

వెర్లిన్ వెన్న రాసిన రొట్టెకే మళ్ళీ వెన్న రాశాడు. "నువ్వు రోజూ స్కూలుకి ఇరవై మైళ్ళు బండి నడుపుతావు కదా. మంచు, గడ్డకట్టిన రోడ్లు. ఎందుకైనా మంచిదని."

"నువ్వు నడపవా అదే రోడ్డు మీద?"

"నాకు అలవాటు."

"నాకు కొత్తా? పదహారో ఏట లైసెన్సు తీసుకున్నాను. నలభై ఆరేళ్ళలో ఒక్క గీత పడలేదు, ఒక్క పోలీసు ఆపలేదు. గరాజు తలుపుని రెండుసార్లు గుద్దింది ఎవరు?"

"అది మన తలుపే కదా. లెక్కలోకి రాదు."

"తలుపునడుగు, వస్తుందో రాదో."

ఆర్డిస్ గొంతు పెంచే మనిషి కాదు. కోపం వస్తే కప్పు కడిగిందే మళ్ళీ కడుగుతుంది. ఆ ఉదయం మూడు కప్పులు కడిగి, ఆరినవి కూడా మళ్ళీ నీళ్ళ కింద పెట్టింది. తొమ్మిదేళ్ళు. ప్రతి నెలా ఆ డబ్బు కడుతూ, ఎప్పుడో ఒకప్పుడు ఇది ఎవరినో గుద్దుతుంది అని తన వెనక అనుకుంటూ, పొద్దున్నే "జాగ్రత్తగా వెళ్ళు" అని చెయ్యి ఊపుతూ ఉన్నాడన్నమాట.

పైగా ఆ ప్రమాదం ఏపాటిది! ధాన్యం గోదాము దగ్గర నాలుగు రోడ్ల కూడలి. నాలుగు వైపులా ఆగమనే ఎర్ర బోర్డులు. ముందు వచ్చి ఆగిన బండి ముందు వెళ్ళాలని రూల్ పుస్తకంలో ఉంది. కానీ హక్కుంది కదా అని సర్రున వెళ్ళిపోవడం వాళ్ళ ఊరు ఫెర్గస్ ఫాల్స్‌లో ఎవరూ చేయరు. ఆ రోజు ముందొచ్చింది ఆర్డిసే. కుడివైపు రోడ్డులోంచి లోవెల్ బ్రాస్క్ తన పికప్‌లో వచ్చి ఆగాడు. పాత పరిచయస్థుడు, చర్చిలో రెండు బెంచీల ముందు కూర్చుంటాడు. ఆర్డిస్ అద్దంలోంచి చెయ్యి ఊపింది, నువ్వు వెళ్ళు అని. లోవెల్ ఊపాడు, లేదు నువ్వే వెళ్ళు అని. ఆమె మళ్ళీ ఊపింది. అతను స్టీరింగు మీంచి రెండు వేళ్ళు ఎత్తి మళ్ళీ ఊపాడు. ఇక ఇలా ఊపుకుంటూ కూర్చుంటే చీకటి పడుతుందని ఆమె బయల్దేరింది. సరిగ్గా అదే అనుకుని అతనూ బయల్దేరాడు.

పెద్ద చప్పుడేం కాలేదు. ఇద్దరూ దిగారు. "అయ్యో, సారీ లోవెల్" అంది ఆర్డిస్. "లేదు లేదు, నాదే, సారీ" అన్నాడు లోవెల్. అతని భార్య తుంటి ఆపరేషన్ ఎలా జరిగిందో అడిగింది. బాగానే జరిగిందన్నాడు. మంచులో పది నిమిషాలు నిలబడి మాట్లాడుకుని, కాగితాలు చూపించుకుని, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు.

నాలుగు రోజుల తర్వాత కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, మాటలు రికార్డవుతున్నాయని చెప్పి, ఆ చోట మీరేమైనా అన్నారా అని అడిగింది. సారీ అన్నాను అంది ఆర్డిస్. ఎందుకన్నారు అని అడిగింది ఆ అమ్మాయి. అనకుండా ఎలా ఉంటామమ్మా అంది ఆర్డిస్. అటువైపు నుంచి కీబోర్డు టకటకలు వినిపించాయి. అంతే.

ఆర్డిస్ కప్పు బోర్లించి కోటు అందుకుంది. "లే. ఆ ఏజెంటు కిప్ దగ్గరికి వెళ్దాం."

"ఫోన్ చేస్తే పోయేదానికి."

"ఫోన్‌లో మాట్లాడినందుకే ఇక్కడిదాకా వచ్చింది. లే."

గరాజులో, చలికి ఇంజను గడ్డకట్టకుండా వేడిగా ఉంచే కరెంటు వైరు పీకడానికి ఆమె కారు చుట్టూ తిరిగి వెళ్ళింది. కుడివైపు వెనక తలుపు దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. నెల రోజులుగా ఆ సొట్ట చూస్తూనే ఉంది. వెర్లిన్ దాని మీద వెండి రంగు టేపు అంటించాడు. ఇప్పుడు ఆ టేపు వైపు కొత్తగా చూసింది. సొట్ట ముందు తలుపుకి లేదు. బంపరుకి గీత కూడా లేదు. తన బండి మూడొంతులు కూడలి దాటిపోయాక అతని బండి ముక్కు వచ్చి వెనక తలుపుని పొడిచింది. ఫొటోలు తీసింది వెర్లిన్. కంపెనీకి పంపింది కిప్. వాటిని చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

"వైరు పీకావా?" అన్నాడు వెర్లిన్ లోపలినుంచి.

ఆమె వైరు చుట్ట చుట్టి కొక్కేనికి తగిలించింది. తాళాలు వెర్లిన్ చేతిలో ఉన్నాయి. దారి పొడవునా అతను రోడ్డు మీద ఉప్పు ఎక్కువ చల్లారని మాట్లాడాడు.

కిప్ హాగ్లండ్ ఆఫీసు మెయిన్ రోడ్డు మీద క్షవరశాల పక్కన ఉంటుంది. నలభై దాటిన మనిషి. చిన్నప్పుడు పన్నెండేళ్ళు ఆర్డిస్ చేతి స్కూలు భోజనం తిన్నాడు. బంగాళాదుంప ముద్దలు పేర్చి ఓవెన్‌లో కాల్చిన హాట్‌డిష్ చేసిన రోజు పళ్ళెం పట్టుకుని రెండోసారి వరసలో నిలబడేవాడు. ఇప్పటికీ ఆమెని చూస్తే లేచి నిలబడతాడు.

"మిసెస్ టాలెఫ్‌సన్! రండి రండి. కాఫీ తాగుతారా?"

"వద్దు."

"కొంచెం."

"వద్దు కిప్."

"ఇప్పుడే పెట్టాను, పారబోయాలి లేకపోతే."

ఆ ఊళ్ళో మూడోసారి అడిగితే సరే అంటారు. రెండుసార్లు వద్దనడం మర్యాద, మూడోసారి ఒప్పుకోవడం కూడా మర్యాదే. ఆర్డిస్ మూడోసారి కూడా వద్దంది. కిప్ కాఫీ కూజా కింద పెట్టి మెల్లిగా కూర్చున్నాడు.

ఆమె ఉత్తరం బల్ల మీద పరిచింది. "ఇది నాకు చదివి చెప్పు."

"ఏముందండీ, మంచి వార్తే. తప్పు మీ వైపు పడింది కానీ మన్నింపు ఉంది కాబట్టి ప్రీమియం పెరగదు. మీకు ఒక్క సెంటు నష్టం లేదు. ఇలాంటి రోజు వస్తుందనే కదా అది పెట్టుకున్నది."

"నేనేం చేశానని మన్నిస్తున్నారు?"

"అది ఊరికే పేరండీ. దేవుడు మన్నించినట్టు కాదు."

"ఫొటోలు తియ్యి."

కిప్ కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పాడు. తలుపు, టేపు లేని సొట్ట, తలుపు కింద మంచు.

"ఇది ఏ తలుపు?"

"కుడివైపు వెనకది."

"నేను వెనక తలుపుతో ఎవర్నైనా గుద్దగలనా కిప్? పక్కకి నడిచే బండా నాది?"

కిప్ నవ్వబోయి ఆగాడు. తెర వైపు చూశాడు. ఆ తర్వాత చూసింది వెర్లిన్ మొహం. అరక్షణమే. కానీ ముప్పై ఏళ్ళకి పైగా భోజనశాలలో నాలుగొందల మంది పిల్లల్ని కనిపెట్టుకున్న కళ్ళు ఆర్డిస్‌వి. ఎవరు ఎవరి పళ్ళెంలోంచి ఏం తీశారో చూపుల్ని బట్టే పట్టేసేది.

"అతని మొహంలో ఏముంది? నా మొహం చూసి మాట్లాడు."

"ఆర్డిస్," అన్నాడు వెర్లిన్, "వదిలెయ్ ఇక."

"ఏది వదిలెయ్యాలో తెలిస్తే కదా వదలడానికి."

గోడ మీద బిగించిన పెద్ద చేప నోరు తెరుచుకుని వాళ్ళని చూస్తోంది. చివరికి కిప్ గొంతు సవరించుకున్నాడు.

"మిసెస్ టాలెఫ్‌సన్, మీరు కోప్పడకూడదు."

"అది నేను చూసుకుంటాను. నువ్వు చెప్పు."

"లోవెల్ గారిది కూడా ఇక్కడి పాలసీయే. పోయిన వేసవిలో కిరాణా కొట్టు దగ్గర ఆయన ఒక బండిని గీరారు. ఇప్పుడు ఇది కూడా ఆయన మీద పడితే ప్రీమియం చాలా పెరుగుతుంది. పింఛను మీద బతికే మనిషి. ఇంట్లో ఆవిడ ఆపరేషను. ఆయనకి మన్నింపు లేదు. మీకుంది. మీ వైపు పడితే ఎవరికీ నష్టం లేదు కదా అని..."

"అని?"

"వెర్లిన్ గారితో ఒక మాట అనుకున్నాం."

"ఎప్పుడు?"

"మర్నాడే. మీరు ఒప్పుకుంటున్నారని కంపెనీకి నేను రాశాను."

ఆర్డిస్ కుర్చీలో మరీ నిటారుగా కూర్చుంది. ఆ అమ్మాయి ఫోన్ చేసేసరికే అంతా తేలిపోయిందన్నమాట. తను కళ్ళు మూసుకుని, ఎవరెన్నిసార్లు చెయ్యి ఊపారో గుర్తు చేసుకుని, ఒక్కటీ అటూ ఇటూ కాకుండా చెప్పింది. పిచ్చిదానిలా.

"నా తరపున నువ్వు తప్పు ఒప్పుకున్నావా?" అంది మొగుడి వైపు తిరిగి.

"తప్పు అని ఎందుకనుకుంటావు? లోవెల్‌కి సాయం. మనకి పోయేదేం లేదు."

"సాయం చెయ్యాలంటే నాకు చాతకాదా? ఆవిడ ఆసుపత్రిలో ఉన్న వారం రోజులూ వాళ్ళింటికి భోజనం ఎవరు పంపారు? నువ్వా?"

"నేనేమన్నానిప్పుడు?"

"నన్నడిగావా? ఒక్క మాట. 'ఆర్డిస్, లోవెల్ ఇబ్బందుల్లో ఉన్నాడు, ఇది మన మీద వేసుకుందామా?' అని. అడిగుంటే ఒప్పుకునేదాన్నేమో వెర్లిన్! నాకు కడుపు మండేది అక్కడే. ఒప్పుకునే మనిషినని తెలిసి కూడా అడగలేదు నువ్వు."

"ఊళ్ళో వినపడుతుంది, నెమ్మదిగా."

"ఇంకా నెమ్మదిగా మాట్లాడితే నాకే వినపడదు."

నిజానికి ఆమె గొంతు పెరగలేదు. అందుకే కిప్‌కి చెమటలు పట్టాయి. బల్ల మీద చాక్లెట్ల గిన్నె ఆమె వైపు జరిపి, ఏమనుకున్నాడో మళ్ళీ వెనక్కి లాక్కున్నాడు.

"ఇప్పుడు నేను అడిగినవాటికి ఔనో కాదో చెప్పు," అంది ఆర్డిస్. "ఈ మన్నింపు వాడేస్తే, ఈ ప్రమాదం నా పేరు మీంచి పోతుందా?"

"పోదండీ. ఉంటుంది. మా కంపెనీ ప్రీమియం పెంచదు, అంతే."

"రేపు ఇంకో కంపెనీకి మారితే?"

"వాళ్ళకి కనపడుతుంది. వాళ్ళు పెంచొచ్చు."

"అంటే మీ దగ్గరే పడి ఉండాలి. సరే. ఇది నాకొకటి, వెర్లిన్‌కొకటా?"

"కాదండీ. పాలసీ మొత్తానికి ఒక్కటే. ఒకసారి వాడితే మళ్ళీ కొన్నేళ్ళు శుభ్రంగా నడిపితేగానీ రాదు."

"ఈలోగా ఆ ఆరు డాలర్లు?"

కిప్ పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు. "అది... కడుతూ ఉండాలండీ."

"బాగుంది. తప్పు చెయ్యనిదాని పేరు మీద తప్పు రాసి, దాన్ని మన్నించి, ఆ మన్నించినందుకు నెలనెలా వసూలు చేస్తారు. ఎవరికీ నష్టం లేదు, అంతేనా?"

"నేను మంచికే చేశానండీ."

"తెలుసు. నా దగ్గరికి పళ్ళెం పట్టుకొచ్చి 'ఇంతకుముందు తినలేదండీ' అన్నప్పుడు కూడా మంచిగానే అనేవాడివి. నాకు తెలిసే వడ్డించేదాన్ని. ఇదలా కాదు. ఆ పసుపు రాత కాగితాలు ఇలా ఇవ్వు."

ఆమె కుర్చీ బల్లకి దగ్గరగా లాక్కుని రాయడం మొదలుపెట్టింది. డిగ్రీ చదివేటప్పుడు అలవాటైన గుండ్రటి చేతిరాత ఇంకా అలాగే ఉంది. ముందు వచ్చి ఆగింది తనేనని రాసింది. చెయ్యి ఊపుకున్నది నాలుగుసార్లని, చివరిది లోవెల్‌దని రాసింది. సొట్ట వెనక తలుపుకి పడిందని, ఫొటో చూడమని రాసింది. సారీ అన్నాను, అతనూ అన్నాడు, ఇద్దరివీ రాసుకోండి అని రాసింది. నా తరపున ఎవరైనా ఒప్పుకుని ఉంటే ఆ మాట నాది కాదు అని రాసి, ఆ వాక్యం కింద గీత గీసి సంతకం పెట్టింది.

"ఇప్పుడే పంపు. నేను చూస్తుండగా."

కిప్ కాగితాన్ని ఫ్యాక్స్ యంత్రంలో పెట్టాడు. యంత్రం కిర్రుమంటూ దాన్ని మింగి మళ్ళీ కక్కింది.

"మళ్ళీ పరిశీలిస్తారండీ. చెరిసగం అనొచ్చు. మీవైపు సగం పడినా నేనేం చెయ్యలేను."

"సగం నా తప్పైతే సగం నా మీద రాయనీ. నేను కాదన్నానా?"

"మరి లోవెల్ గారికి నేనేం చెప్పాలి?"

"నువ్వెవరికీ ఏమీ చెప్పకు. ఇప్పటిదాకా చెప్పింది చాలు. లోవెల్‌కి నేను చెప్పుకుంటాను."

ఆమె లేవబోయింది. కిప్ ఇబ్బందిగా ఇంకో కాగితం తీశాడు. ఒకటో తారీకుకి పాలసీ మళ్ళీ రాయాలట. ఎలాగూ వచ్చారు కాబట్టి సంతకాలు పెట్టి వెళ్తే ఇంకోసారి రానక్కర్లేదట. మూడో వరసలో ప్రమాద మన్నింపు అని ఉంది. పక్కన రెండు చిన్న గళ్ళు. ఉంచాలి, తీసెయ్యాలి.

ఆర్డిస్ పెన్ను రెండో గడి మీద పెట్టింది.

"అది మాత్రం ఉంచు," అన్నాడు వెర్లిన్.

పెన్ను ఆగింది. "ఎవరి కోసం?"

"ఎవరి కోసమని కాదు. ఉంటే మంచిది."

"నా కోసమైతే వద్దు. నేను గుద్దితే నేను కట్టుకుంటాను. అది తేలిపోయింది. ఇంకెవరి కోసం?"

వెర్లిన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని దాని చెవి పట్టీల్ని సరిచేశాడు. రెండు వారాల కిందట వాళ్ళ వీధి మలుపులో ఉత్తరాల పెట్టె స్తంభంతో సహా పడిపోయింది. మంచు తోసే లారీ గుద్దేసిందన్నాడు వెర్లిన్. ఆ వారం మంచే పడలేదు. ఆర్డిస్ అప్పుడేమీ అనలేదు. పోయిన నెల చర్చి నుంచి వస్తూ పచ్చలైటు దగ్గర ఆగి ఎర్రలైటుకి బయల్దేరాడు. అప్పుడు కూడా ఏమీ అనలేదు. తొమ్మిదేళ్ళ కింద ఇది కొన్నప్పుడే అతనికి తన సంగతి తెలుసేమో. ఇల్లాలి పేరు చెప్పి కొనుక్కోవడం సులువు. నాకు భయంగా ఉంది అని బల్లకి అటువైపు కూర్చున్నవాడితో చెప్పడం కష్టం.

అది తట్టాక ఆమెకి జాలి వేసుంటే బాగుండేది. జాలి వేయలేదు. ఇంకా మండింది.

"నీ కోసమైతే ఉంచుతాను," అంది. "నెలకి ఆరు కాదు, పన్నెండైనా సరే. దండగ అనను. నువ్వు ఒక్క మాట అను. నాకు కావాలి అని. కిప్ వినేలా."

వెర్లిన్ కిప్ వైపు చూడలేదు. గోడ మీద చేపని చూశాడు.

"చిన్నపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడకు ఆర్డిస్."

"చిన్నపిల్లాడివైతే నేనే టిక్కు పెట్టేసి తీసుకుపోదును. పెద్దవాడివి కాబట్టి అడుగుతున్నాను. కావాలా, వద్దా?"

"ఏదో ఒకటి పెట్టు, ఇంత రాద్ధాంతం దేనికి."

"కావాలా?"

క్షవరశాల లోంచి నవ్వులు వినిపించాయి. కిప్ తన గోళ్ళు చూసుకుంటున్నాడు. ఆర్డిస్ తొందరపడలేదు. ఓవెన్‌లో రొట్టె పొంగేదాకా నిలబడే మనిషి ఆమె. నిలబడినట్టే కూర్చుంది. ఒక నిమిషం, ఇంకో నిమిషం. అతని దవడ కదిలింది. మాట వస్తుందనుకుంది. నిజంగానే రావాలనుకుంది.

"నీ ఇష్టం," అన్నాడు వెర్లిన్.

ఆమె రెండో గడిలో అడ్డంగా గీత గీసింది. దాని మీద ఇంకో గీత గీసింది. కాగితం చిరిగేంతగా నొక్కింది. సంతకం పెట్టి కాగితం అతని ముందుకి తోసింది. అతను చదవకుండా సంతకం పెట్టాడు.

"వచ్చే ఏడు కావాలంటే మళ్ళీ చేర్చుకోవచ్చండీ," అన్నాడు కిప్ తలుపు దాకా వచ్చి. ఎవరితో అన్నాడో అతనికే తెలియదు.

బయట చలిగాలి మొహానికి కొట్టింది. వెర్లిన్ అలవాటుగా డ్రైవరు తలుపు వైపు నడిచాడు. ఆర్డిస్ అడ్డంగా వెళ్ళి అరచెయ్యి చాపింది.

"తాళాలు."

"నేను నడుపుతాలే. నువ్వు కోపంలో ఉన్నావు."

"కోపంలో నలభై ఆరేళ్ళుగా నడుపుతున్నాను. ఇయ్యి."

ఇచ్చాడు. చుట్టూ తిరిగి వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాడు. ఆమె సీటు ముందుకి జరుపుకుని ఇంజను ఆన్ చేసి, అద్దం మీది పొగమంచు పోయేదాకా ఆగింది.

"ఇల్లు అటు కదా," అన్నాడు బండి మలుపు తిరిగాక.

"లోవెల్ ఇంటికి."

"ఇప్పుడా? భోజనాల వేళ."

"ఇప్పుడే. కిప్ ఫోన్ చెయ్యకముందే. ఏం రాశానో మొహం మీద చెప్పి వస్తాను. ప్రీమియం పెరిగితే ఏం చెయ్యాలో అతనూ నేనూ మాట్లాడుకుంటాం."

"నేను కూడా రావాలా?"

"బండిలో కూర్చో. లోపలికి రమ్మంటే రా, కాఫీ ఇస్తే తాగు. నా తరపున మాత్రం నోరు తెరవకు."